వింత దినుసుల వంటల పుస్తకాలు: అసహ్యం నవ్వుగా ఎలా మారుతుంది?

ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో చేసే ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివి శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ముక్కున వేలేసుకుని నవ్వినవారున్నారు. కొండ దిగువ సంతలతో రాకపోకలున్న ఇక్కడి కుటుంబాలకు మాత్రం అందులో నవ్వవలసినది ఏముందో బోధపడలేదు. పురుగులు, ఎలుకలు, పశువుల పేగులు, చివరకు మనిషి శరీరం నుంచి వచ్చే పదార్థాలు కూడా దినుసులుగా ఉన్న వంటల పుస్తకాల పుటలు ఫోన్లలో చేతులు మారుతున్నప్పుడల్లా ఇదే చీలిక కనిపిస్తుంది. ఒకరికి ఒంటిమీద జెర్రులు పాకినట్టు ఉంటుంది, ఒకరు పగలబడి నవ్వుతారు, ఇంకొకరు నొచ్చుకుంటారు. ఈ మూడు స్పందనలూ ఒకే పుట నుంచి ఎలా పుడుతున్నాయో తెలియాలంటే ముందుగా విడదీసి చూడవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

‘తినరాదు’ అన్న మాటలో కలిసిపోయిన నాలుగు సంగతులు

ఒక పదార్థాన్ని తినరాదు అని మనం అన్నప్పుడు ఆ మాట వెనుక కనీసం నాలుగు వేర్వేరు కారణాలలో ఏదైనా ఉండవచ్చు. అవి ప్రమాదం, జుగుప్స, ఆచార నిషేధం, చట్టం. వింత వంటల మీద జరిగే వాదాలలో గందరగోళానికి చాలావరకు కారణం, ఒకరు ఒక అర్థంలో అన్న మాటను మరొకరు ఇంకో అర్థంలో తీసుకోవడమే.

ప్రమాదం వీటిలో సులువైనది. పలాస పరిసరాల్లో జీడిపిక్కలు ఒలిచేవారిని అడిగితే తెలుస్తుంది, ఆ పిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. పిక్కను కాల్చి గాని, ఆవిరికి ఉడికించి గాని, పెంకు తొలగించి, పప్పును ఎండబెట్టి, పైపొర తీసిన తరువాతే అది పెళ్ళి పాయసంలోకి వస్తుంది. వెదురు చిగుళ్ళలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం సహజంగా ఉంటుంది, కాబట్టే కొండ ఇళ్ళలో వాటిని తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీటిని పారబోసి వండుతారు. ఇక్కడ ‘తినరాదు’ అన్నమాటకు అర్థం ‘ఇలాగే తినరాదు’ అని. వండే పద్ధతి తెలిసినవారికి ఆ నిషేధం అక్కడితో తీరిపోతుంది.

జుగుప్స అలా తీరేది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తాయి. పూర్తిగా సూక్ష్మక్రిమి రహితం చేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసంలో ఒకసారి ముంచి తీస్తే, ఎలాంటి హానీ లేదని చెప్పినా చాలామంది ఆ రసం తాగడానికి ఇష్టపడలేదు. తినే చాక్లెట్ మిఠాయినే కుక్క మలం ఆకారంలో పోతపోసి ఇస్తే వెనుకాడారు. ఒకసారి తాకినది ఎప్పటికీ తాకినట్టే, పోలి ఉన్నది అదే అయినట్టే: జుగుప్స ఈ రెండు సూత్రాల మీద నడుస్తుంది, వివరణలు వినదు.

ఆచార నిషేధానికి హానితోనూ పనిలేదు, అసహ్యంతోనూ పనిలేదు. మనుస్మృతి ఐదవ అధ్యాయం ద్విజులకు వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగులు కూడదంటుంది. ఆ కారణంగా వెల్లుల్లిని ఇంట్లోకి రానివ్వని కుటుంబంలో దాని వాసనకు నోరూరే మనిషి ఉండకూడదన్న నియమం ఏమీ లేదు. విజయనగరం అగ్రహారాల్లో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, మిరియమే వేయాలి. మర్నాడు అదే వంటింట్లో కొరివికారం నూరుకుంటారు. పదార్థం మీద కాక మనిషి మీద, తిథి మీద, సందర్భం మీద ఉండే నిషేధం ఇది.

చట్టానిది ఈ మూడింటికీ సంబంధం లేని దారి. ఉడుము మాంసం రుచిగా ఉంటుందని చెప్పే పెద్దలు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం. గాడిద మాంసం తింటే బలం వస్తుందన్న నమ్మకంతో కోస్తాలోని కొన్ని ప్రాంతాల్లో దాన్ని తినేవారున్నారు, అయితే ఆహారం కోసం వధించదగిన జంతువులుగా ఆహార భద్రతా నియమాలు గుర్తించిన వాటిలో గాడిద లేదు. అక్కడి కొనుగోలుదారుకు అది మందు, అధికారికి నేరం, విజయనగరంలోని పాఠకుడికి హాస్యం.

ఈ నాలుగింటిలోనూ ఇమడని పదార్థాలు కూడా పుస్తకాలకెక్కాయి. ఇటలీ కవి మరినెట్టి 1932లో ప్రచురించిన భవిష్యవాద పాకశాస్త్రంలో కోడి పొట్టలో ఉక్కు బేరింగు గుండ్లు పెట్టి, లోహపు రుచి మాంసానికి పట్టే దాకా కాల్చే వంటకం ఒకటి ఉంది. ఉక్కు గుండును చూసి ఎవరూ అసహ్యించుకోరు, ఏ శాస్త్రమూ దాన్ని నిషేధించలేదు. అది వింత మాత్రమే, నిషిద్ధం కాదు. వింత వేరు, నిషిద్ధం వేరు అన్న ఈ గీత ముందు ముందు అవసరమవుతుంది.

వంటల పుస్తకమే ఎందుకు నవ్విస్తుంది

చెదపురుగులు తినే అలవాటు గురించి మానవశాస్త్ర గ్రంథంలో చదివితే పాఠకుడు గంభీరంగా తల ఊపుతాడు. అదే విషయం వంటల పుస్తకంలో కనిపిస్తే నవ్వుతాడు. తేడా వంటల పుస్తకపు గొంతులో ఉంది. ‘శుభ్రంగా కడిగి, తడి ఆరబెట్టి, దోరగా వేయించి, తగినంత ఉప్పు చేర్చి’ అని చెప్పే ఆ గొంతు, పాఠకుడి ఇంట్లో ఆ దినుసు డబ్బాలో సిద్ధంగా ఉందనీ, వండడానికి అతనికి ఏ అభ్యంతరమూ లేదనీ ముందే తీర్మానించుకుంటుంది. సందేహించే చోటు పాఠకుడికి మిగల్చదు. ‘నలుగురికి సరిపోతుంది’ అన్న చివరి మాట దగ్గర ఆ నలుగురూ ఎవరా అన్న ఊహ కలిగి నవ్వు ఆగదు.

అయితే ఇలాంటి పుస్తకాలన్నీ నవ్వించడానికి రాసినవి కావు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో, పొలాల్లోనూ ఏటి గట్ల మీదా దొరికే నల్ల ఎలుకలను శుభ్రపరచి వండే విధానం ఉంది. అది రాజభోజనం గురించిన అధ్యాయం, పరిహాసం కాదు. రోమన్ల కాలం నుంచి అపీషియస్ పేరిట వస్తున్న వంటకాల సంకలనంలో పొట్టలో కూరు పెట్టిన చిట్టెలుక జాతి జంతువులూ రాజహంసల మాంసమూ ఉన్నాయి. అవి రాసిన రోజున ఎవరూ నవ్వి ఉండరు. కాలం గడిచి పాఠకులు మారినందువల్ల మాత్రమే వాటికి హాస్యం అంటుకుంది.

రెండో రకం, ఒప్పించడానికి రాసినవి. విన్సెంట్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు 1885లో లండన్‌లో ‘పురుగులను ఎందుకు తినరాదు?’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం వేశాడు. సముద్రపు అడుగున కుళ్ళినది తిని బతికే ఎండ్రకాయను ఇష్టంగా తింటూ, పచ్చని ఆకు తప్ప మరేదీ ముట్టని గొంగళిపురుగును చీదరించుకోవడంలో న్యాయం ఎక్కడుందని ఆయన వాదం. భావనపాడు రేవులో రొయ్యల బేరం చూసినవారెవరికైనా ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది, ఎందుకంటే రొయ్యకూ పురుగుకూ ఉన్న బంధుత్వం కాళ్ళూ మీసాలూ చూస్తేనే తెలుస్తుంది. హోల్ట్ అక్కడితో ఆగలేదు. పుస్తకం చివర నత్త జాతి జీవుల సూపు, చెక్కపేలు (తడి చెక్కల కింద పాకే చిన్న జీవులు) కలిపిన సాసుతో వేయించిన చేప వంటివాటిని వరుసగా పేర్చి, ఆ కాలపు విందుల ఫ్యాషన్ ప్రకారం ఫ్రెంచి పేర్లతో భోజన పట్టికలు ఇచ్చాడు. వాదం బలమైనదే, కానీ నూట నలభై ఏళ్ళుగా ఆ పుస్తకం గురించి జనం చెప్పుకునేది ఆ పట్టికల గురించే. అమెరికా పశువైద్య ఆచార్యుడు కాల్విన్ ష్వాబే 1979లో వెలువరించిన పుస్తకానిదీ ఇదే గతి. కుక్క, పిల్లి, పురుగులు, పశువుల లోపలి అవయవాలు మొదలైనవాటితో ప్రపంచమంతటా చేసే వంటకాలను ఆయన సేకరించింది, తగని ఏవగింపు వల్ల మంచి మాంసకృత్తులు వృథా అవుతున్నాయని చూపడానికి. పాఠకులలో ఎక్కువమంది దాన్ని స్నేహితులను హడలెత్తించడానికి వాడుకున్నారు.

మూడో రకం, రెచ్చగొట్టడానికే రాసినవి. మరినెట్టి పుస్తకం అలాంటిది. ఇటలీవారు పాస్తా తినడం మానుకోవాలని ఆయన 1930లోనే ప్రకటన చేసి దేశమంతా దుమారం లేపాడు. చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1973లో కప్పలూ నత్తలూ నిండిన వంటల పుస్తకాన్ని తన విచిత్ర చిత్రాలతో అలంకరించి వేశాడు, 2016లో అది మళ్ళీ అచ్చయింది. మానవ వీర్యాన్ని దినుసుగా తీసుకున్న వంటల పుస్తకం ఒకటి 2008లో వెలువడింది. దాన్ని కొన్నవారిలో వండినవారెందరో గాని, పుట్టినరోజు కానుకగా ఇచ్చి పక్కవారి ముఖం చూసినవారు మాత్రం తక్కువ కాదు.

భరతుడి వడ్డాణం నుంచి నేటి సిద్ధాంతం వరకు

అసహ్యానికీ నవ్వుకూ బంధుత్వం ఉన్నదా అన్న ప్రశ్నకు నాట్యశాస్త్రం ఇచ్చే సమాధానం ఆలోచింపజేస్తుంది. ఆ గ్రంథకర్త భరతముని లెక్కలో బీభత్సం నుంచి పుట్టేది భయానకం. హాస్యం పుట్టేది శృంగారం నుంచి, లేదా దాని అనుకరణ నుంచి. అంటే పురుగును చూసి ముఖం తిప్పుకోవడం హాస్యానికి దారితీయదు. హాస్యానికి మూలం వికృతం, అనగా ఉండవలసిన చోట లేనిది. వడ్డాణాన్ని రొమ్ము మీద కట్టుకుంటే నవ్వే పుడుతుందని ఆయన ఇచ్చిన ఉదాహరణ. హోల్ట్ భోజన పట్టికకు ఇది చక్కగా సరిపోతుంది. నవ్వు చెక్కపేలును చూసి రాలేదు, చెక్కపేలుకు ఫ్రెంచి పేరు తొడిగినందుకు వచ్చింది. బేరింగు గుండ్ల కోడిని చూసి నవ్వడానికీ ఇదే కారణం.

ఈ వివరణ నిషిద్ధ పదార్థాల దగ్గర చాలదు. 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ ఉపయోగపడుతుంది. వారి ప్రకారం నవ్వు రావాలంటే ఏదో ఒక కట్టుబాటు తప్పినట్టు అనిపించాలి, దానివల్ల ప్రమాదం లేదని కూడా అనిపించాలి, ఈ రెండూ ఒకేసారి అనిపించాలి. మొదటిదే ఉంటే కోపమో అసహ్యమో వస్తుంది, రెండోదే ఉంటే ఏమీ అనిపించదు.

తొలకరి ఉసిళ్ళను తీసుకుని దీన్ని సరిచూడవచ్చు. వాన వెలిసిన సాయంత్రం పుట్టల నుంచి రెక్కలతో లేచి దీపాల చుట్టూ మూగే చెదపురుగులివి. దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి పట్టి, రెక్కలు రాల్చి, చెరిగి, ఉప్పు వేసి వేయిస్తారు. వేయించిన బియ్యంతో కలుపుకు తినడం తెలుగు పల్లెల్లో చాలాచోట్ల ఉన్న అలవాటే. విజయనగరంలో కచేరీ ఉద్యోగం చేసే ఒకాయన ఈ వంటకాన్ని పుస్తకంలో చదివాడనుకుందాం. కట్టుబాటు తప్పింది, పురుగు వంటింట్లోకి వచ్చింది. పళ్ళెంలో మాత్రం లేదు, కాగితం మీదే ఉంది. ఆయన నవ్వుతాడు. అదే ఆయనకు స్నేహితుడు చెప్పకుండా తినిపించి, చేతులు కడుక్కున్నాక ‘మీరు తిన్నది ఉసిళ్ళండీ’ అంటే, ప్రమాదం లేదన్న భావన ఆ క్షణంలో పోతుంది, వచ్చేది కోపం, లేదా వాంతి. ఆయనకే ముప్పై ఏళ్ళ తరువాత ఆ సంఘటన గుర్తుకొస్తే తనే చెప్పి నవ్వించవచ్చు. ఇక సీతంపేట కొండల్లోని ఒక సవర గృహిణికి అదే పుట చదివి వినిపిస్తే, అసలు కట్టుబాటు తప్పిందే లేదు కనుక నవ్వవలసిన అవసరమే ఆమెకు కనపడదు. ఒకవేళ నవ్వితే, ‘రెండు చెంచాల ఉసిళ్ళు తీసుకోండి’ అన్న కొలత చూసి నవ్వుతుంది. వాన పడిన రాత్రి బుట్టలతో పట్టేదాన్ని చెంచాతో కొలిచేవాడు ఆమెకు వింత మనిషి.

ఈ సిద్ధాంతానికీ విమర్శకులున్నారు. నవ్వు వచ్చిన తరువాత ‘చూశారా, ప్రమాదం లేదనిపించింది’ అని చెప్పడం సులువు, రాకముందు ఫలానా వాక్యానికి నవ్వు వస్తుందని చెప్పడం కష్టం. దీనికంటే చాలా పాతదైన మరో వాదం ఉంది. ఇతరుల కంటే తాను మెరుగన్న భావన హఠాత్తుగా కలగడమే నవ్వు అని పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ అన్నాడు. బేరింగు గుండ్ల కోడి దగ్గర ఈ మాట తేలిపోతుంది, అక్కడ మనకంటే తక్కువవారెవరూ లేరు. ఉసిళ్ళ దగ్గర మాత్రం దాన్ని తోసిపుచ్చలేము. నా అంచనాలో వింత వంటకాలకు భరతుడూ, నిషిద్ధ వంటకాలకు మెక్‌గ్రా సిద్ధాంతమూ చాలావరకు సరిపోతాయి, ఆ వంటకాన్ని నిజంగా తినేవారు పక్క ఊళ్ళో ఉన్నప్పుడు మాత్రం హాబ్స్ అవసరం పడతాడు.

తెలగపిండి, లేదా నవ్వు ఎదురు తిరిగే చోటు

ఉత్తరాంధ్ర పాఠకుడు ఎప్పుడూ నవ్వేవాడి స్థానంలోనే ఉంటాడనుకోవడం పొరపాటు. నువ్వులను గానుగాడించి నూనె తీసిన తరువాత మిగిలే పిండి దేశంలో అనేక చోట్ల పశువుల దాణా. మన దగ్గర అదే తెలగపిండి. మునగాకు దూసి, ఉడుకుతున్న నీటిలో వేసి, ఆకు మెత్తబడ్డాక తెలగపిండి చల్లి, ఉండలు కట్టకుండా కలుపుతూ నీరంతా పీల్చుకొని పొడిపొడిగా అయ్యేదాకా మగ్గించి, వెల్లుల్లి దంచి వేసిన పోపు పెడితే కూర సిద్ధమవుతుంది. బాలింతలకు పాలు పడతాయని ఇది ప్రత్యేకంగా వండిపెడతారు. ఈ వంటకాన్ని వంటల పుస్తకంలో యథాతథంగా ముద్రించి, దినుసు పక్కన ‘గానుగ పిండి, పశువుల దాణాగా వాడేది’ అని వివరణ ఇస్తే, గానుగ పిండిని గేదె తొట్టిలో తప్ప చూడని ఊళ్ళో చదివేవారు మనం ఉసిళ్ళను చూసి నవ్వినట్టే నవ్వుతారు. దినుసు మారలేదు, వంట మారలేదు, చదివేవాడు మారాడు.

ఇలాంటి నవ్వు తెలుగు సాహిత్యంలో కొత్తది కాదు. శ్రీనాథుడి పేర చెప్పుకునే ఒక చాటువులో కవి కన్నడ దేశంలో పడిన పాట్లు ఏకరువు పెడతాడు. కుళ్ళాయి పెట్టుకోవడం, వెల్లుల్లీ తిలపిష్టమూ మెసవడం, అంబలి తాగడం ఆ పాట్లలో ఉన్నాయి. తిలపిష్టం అంటే నువ్వుల పిండే. కవిసార్వభౌముడు కష్టాల పట్టికలో చేర్చిన రెండు దినుసులూ మన తెలగపిండి కూరలో పక్కపక్కనే ఉన్నాయి. అయితే ఆ చాటువును కేవలం ఎగతాళిగా చదవడం సరికాదు. ఆయన దూరంగా నిలబడి నవ్వలేదు, తాను తిన్నాడు, తిని తన అవస్థను చెప్పుకొని నవ్వించాడు. పల్నాటి సజ్జ, జొన్న కూళ్ళ మీద ఆయన పేరిట ఉన్న పద్యాలలో మాత్రం ఆ పంక్తిలో కూర్చున్న భావన తక్కువ, సన్నన్నపు అతిశయం ఎక్కువ.

తీరప్రాంతపు ఎండుచేపలు ఇంకో సంగతి చెబుతాయి. బారువ నుంచి కళింగపట్నం దాకా ఇసుకలో ఆరబోసే మెత్తళ్ళు ఆ ఊళ్ళవారికి ఆకలి పుట్టించే వాసన. అదే బుట్ట ఆర్టీసీ బస్సెక్కితే సగం బస్సు కిటికీల వైపు జరుగుతుంది. ఇక్కడ మాత్రం హాస్యం పుట్టడం తక్కువ, ఎందుకంటే దూరం లేదు. పుస్తకానికి వాసన లేకపోవడం ఈ జాతి హాస్యానికి పెద్ద అండ.

ఈ నవ్వు ఎవరికైనా కీడు చేస్తుందా: మూడు వాదాలు

మొదటి వాదం నవ్వు మేలు చేస్తుందంటుంది. పూర్తిగా అసహ్యించుకున్నదాన్ని ఎవరూ నవ్వుతూ చేతిలోకి తీసుకోరు. నవ్వారంటే బిగువు సడలిందన్నమాట, ఆ తరువాత కుతూహలం, ఒక్కోసారి రుచి చూడడం కూడా జరుగుతుంది. మిరపకాయ ఘాటును ఇష్టంగా భరించడాన్ని రోజిన్ వివరించిన తీరు దీనికి దగ్గరగా ఉంటుంది. శరీరం ప్రమాదమని అరుస్తుంటే, ప్రమాదం లేదని మనసుకు తెలిసి ఉండడంలోనే ఆనందం ఉందని ఆయన అంటాడు.

రెండో వాదం ఆహారానికి ఉన్న అంతస్తులను చూపిస్తుంది. మన సమాజంలో ఏది ఎవరు తింటారన్నది కులంతో, కొండా మైదానం అన్న తేడాతో ముడిపడి ఉంది. ఈత చెట్ల నుంచి తీసే పురుగులను సవరలు, జాతాపులు వేయించుకు తింటారు. ఇవి వింత వంటల శీర్షిక కింద అచ్చయినప్పుడు నవ్వు పురుగు దగ్గర ఆగదు. బడిలో అన్నం డబ్బా మూత తీయడానికి జంకే పిల్లల దాకా అది చేరుతుందని ఈ వాదం చేసేవారు అంటారు. పాశ్చాత్య పుస్తకంలోని చెక్కపేలుకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే దాన్ని తినే జాతి ఏదీ పక్కవీధిలో లేదు.

మూడో వాదం పర్యావరణం మాట్లాడేవారిది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో విడుదల చేసిన నివేదిక 1,900కు పైగా కీటక జాతులను మనుషులు తింటున్నారని, సుమారు 200 కోట్ల మంది భోజనంలో అవి ఒక భాగమని చెప్పింది. ఈ రెండో అంకె అతిగా ఉందన్న విమర్శ తరువాత వచ్చింది. అంకె ఎంతైనా, మేత, నీరు, నేల తక్కువ తీసుకునే ఈ ఆహారం విస్తరించకపోవడానికి ఏవగింపు ఒక ముఖ్య కారణమని వారి అభిప్రాయం. దీనికి మానవశాస్త్రవేత్త మార్విన్ హారిస్ 1985లోనే వేరే జవాబు సూచించాడు. ఒక జాతి దేన్నైనా తినకపోవడానికి మూలం ఏవగింపు కాదని, దాన్ని పట్టడానికి పడే శ్రమకు తగిన ఫలితం రాకపోవడమని, ఏవగింపు ఆ లెక్క వెనుక వచ్చి చేరుతుందని ఆయన వాదం. మరో మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో చెప్పినది దీనికి భిన్నం. ఏ వర్గంలోనూ ఇమడని జీవి మనసును కలవరపెడుతుంది, కలవరపెట్టేది నిషిద్ధమవుతుంది. ఉసిళ్ళ విషయంలో హారిస్ వైపు మొగ్గు ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అవి ఒకే రాత్రి కుప్పలుగా దొరుకుతాయి, పట్టే శ్రమ తక్కువ, కాబట్టే మిగతా పురుగులు తినని మైదానపు ఊళ్ళలో కూడా వాటికి మినహాయింపు వచ్చింది.

ఈ మూడు వాదాలూ మరిచిపోయే ఒక పరిస్థితి ఉంది. మనకు సరిహద్దుగా ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి టెంకల అంబలి తాగినవారు మరణించిన వార్త దేశాన్ని కుదిపింది. అది ఆకలి చావా, బూజు పట్టిన టెంకల విషమా అన్న వివాదం చాలాకాలం నడిచింది. టెంకపిండి ఆ కొండల్లో పాత ఆహారమే, బాగా నానబెట్టి కడిగి చేస్తే తినదగినదే. పుస్తకంలో ‘మామిడి టెంక అంబలి’ చమత్కారంగా కనిపించవచ్చు, వేరే గింజ లేని ఇంట్లో అది చమత్కారం కాదు. మహాభారతం శాంతిపర్వంలో పన్నెండేళ్ళ కరువులో విశ్వామిత్రుడు చండాలుడి ఇంట కుక్క తొడను దొంగిలించబోయిన కథ ఈ అంచునే నడుస్తుంది. ఆకలి తీవ్రత కథను బరువుగా ఉంచుతుంది, అయినా ఆ ఇంటివాడు మేలుకొని మహర్షికి అభక్ష్యం గురించి ధర్మబోధ చేయడంలో వ్యంగ్యం దాగదు. ఐరిష్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో ఐర్లండు పేదల పసిపిల్లలను వండుకొమ్మని వంటవాడి గొంతుతో సలహా ఇచ్చినప్పుడు నవ్వు పిల్లల మీద కాదు, ఆకలిని లెక్కలుగా మార్చిన పెద్దమనుషుల మీద. నిషిద్ధ వంటకపు రూపాన్ని నిందించవలసినవారి వైపే తిప్పిన రచన అది.

నవ్వుకు గడువు తీరే చోటు

వండి చూపించడం మొదలైనప్పుడు పుస్తకపు హాస్యం వేరే సంగతిగా మారుతుంది. 2024 ఆగస్టులో తెలంగాణలోని సిరిసిల్ల జిల్లాలో ఒకరు నెమలి కూర వండే విధానం పేరుతో వీడియో పెట్టడంతో అటవీశాఖ కేసు నమోదు చేసింది. కాగితం మీద రాజుల కాలపు వంటకంగా ఉన్నది కడాయిలోకి వచ్చేసరికి సాక్ష్యమైంది. పురుగుల విషయంలో ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. రొయ్యలు, పీతలు పడనివారికి కీటకాల వల్ల కూడా దద్దుర్లు, ఉబ్బసం వచ్చే అవకాశం ఉంది, రెండింటిలోనూ ఒకే రకమైన మాంసకృత్తు ఉండడమే దానికి కారణం.

దినుసు కనపడకుండా పోయినప్పుడు కూడా నవ్వు ఆగిపోతుంది. ఐరోపా సమాఖ్య 2021లో పిండిపురుగునూ 2023లో కీచురాయి పొడినీ ఆహారంగా అనుమతించింది. కాళ్ళూ మీసాలూ ఉన్నప్పుడు ముందుకు రానివారు పొడిగా కలిపిన బిస్కెట్టుకు అంత వెనుకాడరు. ఇటలీ ప్రభుత్వం అదే ఏడాది ఈ పొడులను పాస్తా, పిజ్జాలలో వాడరాదంటూ, మిగిలినవాటిని వేరే అరల్లో స్పష్టమైన చీటీతో అమ్మాలంటూ ఆదేశాలు ప్రకటించింది. మరినెట్టి పీడ విరగడ చేయాలనుకున్న పాస్తాకు తొంభై ఏళ్ళ తరువాత ప్రభుత్వమే కాపలా కాసింది. అనుకోకుండా తినడం మాత్రం ఎక్కడా ఆగలేదు. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ 100 గ్రాముల వేరుశనగ వెన్నలో పురుగుల ముక్కలు సగటున 30 కంటే తక్కువ ఉంటే చర్య తీసుకోదు.

మన దేశంలో పొట్లాల మీద ఆకుపచ్చ, గోధుమరంగు గుర్తుల నియమం ఈ చిక్కును తనదైన పద్ధతిలో పరిష్కరించుకుంది. జంతు సంబంధమైనదేదైనా మాంసాహారమేనని నిర్వచిస్తూ, పాలను, తేనెను, తేనెమైనాన్ని, లక్కను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. లక్క పురుగు స్రావంతో మెరుగు పెట్టిన మిఠాయి బిళ్ళ కాబట్టి ఆకుపచ్చ గుర్తుతోనే శ్రీకాకుళం కొట్లో సీసాలో కూర్చుంటుంది. దాని పొట్లం మీద లక్క పేరు కాక 904 అన్న అంకె మాత్రమే, అదీ భూతద్దం పెట్టి చూడవలసినంత చిన్నగా ఉండవచ్చు.